అన్ని దిక్కులూ వినే చెవి

2009 వేసవిలో అమ్మా నాన్నా న్యూజెర్సీ వచ్చారు. అమ్మకి మంగళహారతులు, లాలిపాటలు, పెళ్ళిపాటలు కలిపి వందకి పైగా వచ్చు. ఏదీ కాగితం మీద లేదు. "అవన్నీ రికార్డు చేస్తానమ్మా" అంటే, "నా గొంతేం బావుందనిరా, ముందు అన్నం తిను" అని కొట్టిపారేసేది.

ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకుని అప్పటికి పదేళ్ళయింది. పానాసోనిక్ వారి డబ్ల్యూఎం-61ఎ అనే బుల్లి మైకులు నాలుగు తెప్పించాను. ఒక్కొక్కటి బఠాణీ గింజంత, 6 మిల్లీమీటర్ల వెడల్పు, ఖరీదు రెండు మూడు డాలర్లు. మొదటిదాన్ని వేడి ఎక్కువై మాడ్చేశాను. మిగిలినవాటిలో రెండింటికి వైర్లు అతికి, మా అమ్మాయి చెక్క స్కేలుకి చెరో చివరా కట్టి, భోజనాల బల్ల మీద పెట్టాను.

అంత చిన్న వస్తువు వెనక ఎంత చరిత్ర ఉందో అప్పుడు తెలీదు. తర్వాత చదువుతూ పోతే, అందులో అసలు ఘట్టం జరిగింది మా ఇంటికి అరగంట దూరంలోని మర్రే హిల్‌లోనేనని తెలిసింది.

కథ మొదటినుంచీ చెప్పుకుందాం. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు మైకే లేదు. పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడితే, ఆ గాలి ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గీత పడేది. మెల్లగా పాడే గొంతులకి, వీణలాంటి వాద్యాలకి ఆ గొట్టం దగ్గర అన్యాయమే జరిగింది.

1916లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఇ.సి. వెంటే కండెన్సర్ మైకు తయారుచేశాడు. సూత్రం మనం ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే. రెండు లోహపు పలకలు ఎదురెదురుగా పెట్టి, మధ్య విద్యుదావేశం ఉంచాలి. ఒక పలక పల్చటి పొర. శబ్దం తగిలి అది కదిలితే కెపాసిటెన్స్ మారుతుంది, దానితో వోల్టేజీ మారుతుంది. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగు మొదలైనప్పుడు గొట్టాన్ని సాగనంపింది ఈ మైకే. చిక్కల్లా, ఆ ఆవేశం నిలబెట్టడానికి వందల వోల్టుల సరఫరా కావాలి. అందుకే మంచి మైకులు స్టూడియో గడప దాటలేదు.

మైకుల్లో మరో తేడా ఉంది. పొర వెనక వైపు మూసేస్తే అది గాలి ఒత్తిడిని మాత్రమే కొలుస్తుంది. ఒత్తిడికి దిక్కు లేదు కనక ఆ మైకు అన్ని వైపులనుంచీ ఒకేలా వింటుంది. అదే ఆమ్నీ మైకు. వెనక కూడా దారి వదిలితే ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా వినే మైకవుతుంది. సభల్లో గాయకుల ముందు సాధారణంగా ఉండేది ఇదే. కానీ దూరం జరిగేకొద్దీ దానిలో మంద్రస్వరం పల్చబడుతుంది, బాగా దగ్గరికొస్తే ఉబ్బిపోతుంది. ఆమ్నీకి ఆ రోగం లేదు. మృదంగం తొప్పి శబ్దం నిండుగా పలకాలంటే అదే నయం. మైకు చిన్నదైతే ఇంకో లాభం. మనిషి వినగలిగే అతి హెచ్చు స్థాయి శబ్దానికి తరంగదైర్ఘ్యం 17 మిల్లీమీటర్లే. మైకు అంతకంటే బాగా చిన్నదైతే పక్కనుంచి వచ్చే శబ్దానికి అడ్డుపడదు. నష్టమూ ఉంది, చిన్న మైకుకి సొంత రొద ఎక్కువ.

పాశ్చాత్య సంగీతం రికార్డు చేసినవాళ్ళు ఈ సంగతి ముందే గ్రహించారు. 1950ల్లో లండన్ డెక్కా కంపెనీ ఇంజనీర్లు ఆర్కెస్ట్రా ముందు మూడు మైకుల్ని త్రికోణంగా వేలాడదీసే పద్ధతి కనిపెట్టారు. అందులో స్థిరపడ్డ నాయ్‌మన్ ఎం50 మైకులో చిన్న పొరని 40 మిల్లీమీటర్ల గోళంలో పొదిగారు. అమెరికాలో మెర్క్యురీ కంపెనీ 1955నుంచి మూడే మూడు ఆమ్నీ మైకులతో స్టీరియో రికార్డులు తీసింది. అవన్నీ ఖరీదైన సరుకు. మామూలు ఇంటికి వచ్చే దారి వేరే ఉంది.

ఆ దారి వేసినవాళ్ళలో ఒకరు జేమ్స్ వెస్ట్. 1931లో వర్జీనియాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు డాక్టరు కమ్మన్నారు, ఆయన ఫిజిక్స్ అన్నారు. తండ్రి, డాక్టరేట్లు చేసిన ముగ్గురు నల్లజాతి పెద్దమనుషుల్ని పరిచయం చేశారట. వాళ్ళకి దొరికిన గొప్ప ఉద్యోగం పోస్టాఫీసులో పని. అయినా వెస్ట్ వెనక్కి తగ్గలేదు. పిల్లల చదువుల గురించి మన ఇళ్ళలో జరిగే వాదనలు నాకు గుర్తొచ్చాయి. కాకపోతే మన పిల్లల భయాలు ఆ భయం ముందు ఎంత!

బెల్ ల్యాబ్స్‌లో ఆయన ఒక ఇయర్‌ఫోన్ మీద పనిచేస్తున్నారు. దానికి 500 వోల్టుల బ్యాటరీ కావాలి. ఒకరోజు బ్యాటరీ తీసేసినా అది మోగుతూనే ఉంది! పల్చటి ప్లాస్టిక్ పొరలో ఆవేశం చిక్కుకుని ఉండిపోయింది. అలాంటి పదార్థాన్ని ఎలెక్ట్రెట్ అంటారు. 1920లనాటికే జపాన్‌లో మొతోతారో ఎగుచి మైనంతో చేసి చూపించాడు గాని, వాటిలో ఆవేశం నమ్మకంగా నిలిచేది కాదు. వెస్ట్, జర్మనీనుంచి వచ్చిన గెర్హార్డ్ సెస్లర్ కలిసి 1962లో మైకు చేశారు, ఆ తర్వాత పొరకి టెఫ్లాన్ వాడారు. మనం దోసెలు పోసుకునే నాన్‌స్టిక్ పెనం మీది పూతే! దానిలో ఆవేశం ఏళ్ళ తరబడి ఉంటుంది. వందల వోల్టులు పోయి, లోపలి బుల్లి ట్రాన్సిస్టర్‌కి రెండు మూడు వోల్టులు మిగిలాయి. 1964లో పేటెంటు వచ్చింది. 1968లో సోనీ పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టింది. టేప్ రికార్డర్లు, టెలిఫోన్లు, వినికిడి యంత్రాలు, అన్నిటిలోకీ అది చేరింది. 2000ల తర్వాత సెల్‌ఫోన్లలో సిలికాన్ మైకులు దాని చోటు తీసుకున్నాయి. నేను కొన్న రకం తయారీ కూడా ఆగిపోయింది.

మళ్ళీ మా భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. అమ్మ పదకొండు రోజుల్లో అరవై నాలుగు పాటలు పాడింది. విన్నప్పుడు నాకు చిరాకేసింది. ఫ్రిజ్ రొద, కుక్కర్ విజిల్, అన్నీ పడ్డాయి. ఆమ్నీ మైకు కదా, ఎవర్నీ కాదనదు. ఒక పెళ్ళిపాటలో అమ్మ మూడో చరణం మర్చిపోయి ఆగింది. మైకుకి వెనక, సోఫాలో పేపరు చదువుతున్న నాన్న మెల్లగా ఆ చరణం అందించారు. రాగంతో సహా. "మీకెలా వచ్చు?" అంది అమ్మ. "నలభై ఏళ్ళుగా వింటున్నాగా" అన్నారు.

ఎదురుగా ఉన్నదాన్నే వినే మైకైతే ఆ గొంతు దాదాపు పడేదే కాదు. నాన్న 2014లో పోయారు. ఆయన పాడగా మా దగ్గర ఉన్నది ఆ ఒక్క చరణమే.

ఇప్పుడు అందరి జేబులోనూ ఫోను ఉంది కదా అంటారు. నిజమే. కానీ మాటల కోసం చేసిన కొన్ని యాప్‌లు ఆగకుండా మోగే శబ్దాన్ని రొద అనుకుని తుడిచేస్తాయి. తంబూరా శ్రుతి కూడా వాటికి రొదే! వీలైతే ఆ సదుపాయం ఆపేయండి. శబ్దం హెచ్చుతగ్గుల్ని దానంతటదే సర్దే సెట్టింగు కూడా ఆపండి. లేదా చిన్న ఆమ్నీ మైకులు రెండు కొని, జానెడు దూరంలో ఉంచి, పాడేవారికి రెండడుగుల ఎడంలో పెట్టండి.

ఈసారి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నయాగరా ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు. గొంతు బాలేదంటారు. వినకండి. పాట అయిపోగానే రికార్డరు కట్టెయ్యకండి. గదిలో ఇంకెవరున్నారో వాళ్ళనీ మాట్లాడనివ్వండి.