కొల్లేటి సరస్సు, శాసనములు

ఒక ప్రభుత్వాజ్ఞ చెఱచినదానిని మఱియొక ప్రభుత్వాజ్ఞ బాగుచేయగలదా యను ప్రశ్నకు ఆంధ్రదేశమున కొల్లేటికంటె తగిన యుదాహరణము లేదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న యీ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱులు వచ్చి కలియును. ఉప్పుటేఱు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. వఱదలను తనలో నిలుపుకొని మెల్లగా విడుచుచు నీ సరస్సు చుట్టునున్న పల్లెలను తరతరములుగా గాపాడినది.

1976లో ప్రభుత్వమువారే సరస్సు గర్భమున చేపలచెఱువులను ప్రోత్సహించి, జాలరుల యొక్కయు నిఱుపేద దళితుల యొక్కయు సహకార సంఘముల కిచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని చేపపిల్లలకును, మేతకును, గట్టు వేయుటకును గావలసిన పెట్టుబడి పేదవానియొద్ద నెక్కడిది? క్రమముగా ననేకములగు చెఱువులు కౌలుపేర ధనవంతుల వశమయ్యెను. సంఘపు పుస్తకమున పేరు పేదవానిది, రాబడి పరులది. గట్టు వెంబడి గట్టు లేచి నీటి నడక నడ్డగించెను.

1999లో ప్రభుత్వము తన మాట తానే మార్చుకొనెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తున గీచిన గీతకు లోపలి ప్రదేశమును, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో జేరెను. అయినను చెఱువులు పోలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞ వెలువడిన పిమ్మట యంత్రములు దిగి గట్లను తెగగొట్టెను.

ఇచ్చటనే మనము కొంత నిలిచి యోచింపవలసియున్నది. అభయారణ్యమును నెలకొల్పునపుడు అచ్చటి జనుల హక్కులను కలెక్టరు విచారించి తేల్చవలెనని యా చట్టమే విధించుచున్నది. ఆ గీత లోపల రైతుల జిరాయితీ భూములు వేలకొలది యెకరములు గలవు. వాని పరిహారపు తగవు గట్లు తెగిన పిదపను దీఱలేదు. కౌలుదారునకు వేఱొకచోట చెఱువు దొఱకును. 1976 నాటి యాజ్ఞను నమ్మిన జాలరి కుటుంబమున కేది దొఱకును? మఱియు నా గీత సరస్సు గర్భమును మాత్రమే చుట్టుచున్నది. పట్టణపు మురుగునకుగాని, వరిచేల నుండి కాలువలవెంట దిగు పురుగుమందులకుగాని, ఉప్పుటేటి పూడికకుగాని యది యడ్డు గాదు. గట్టు తెగుటయే సరస్సు బాగుపడుట యని తలంచినవారు పనిలో సగమునైన జూడలేదని నా యభిప్రాయము.

కనుకనే 2008లో రాష్ట్ర శాసనసభ గీతను 3 అడుగులకు దించవలెనని తీర్మానించినపుడు పల్లెలలో దానికి మద్దతు దొఱకెను. కేంద్రప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము 5 అడుగుల గీతనే నిలుపవలెనని చెప్పెను. ఈ వాదము నడుచుచుండగనే తెగిన గట్లు పెక్కుచోట్ల మఱల లేచెను. కైకలూరునకు సమీపమున ఆటపాకలో గూడబాతులు అటవీశాఖవారు నీటిలో నిలిపిన యినుప మంచెలమీద గూళ్లు కట్టుకొనుచున్నవి.