ఆపరేషన్ తర్వాతి ఇరవయ్యేళ్లు

హిందూపురం వైపు పల్లెల్లో బిడ్డకు గుండెలో రంధ్రం ఉందంటే ఒకప్పుడు నగలో పొలమో కుదువపెట్టి బెంగళూరుకో వేలూరుకో బయల్దేరాల్సిందే. ఖర్చు విని వెనక్కి వచ్చేసిన ఇళ్లూ ఉన్నాయి. 1990 నవంబరులో సత్యసాయిబాబా పుట్టపర్తిలో ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కడతామన్నారు. ఏడాది తిరిగేలోగా, 1991 నవంబరు 22న, ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని ప్రారంభించారు. బిల్లు కట్టే కౌంటరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పుట్టపర్తికి దగ్గరి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషను 2000లో గానీ రాలేదు. అంతదాకా రైల్లో వచ్చిన రోగులు ధర్మవరంలోనో పెనుకొండలోనో దిగి బస్సెక్కేవారు.

ఈ ఉచిత వైద్యం గురించి చాలామంది రాశారు. నా మనసంతా ఆపరేషన్ తర్వాతి కాలం మీదే ఉంది. గుండె బైపాస్ ఆపరేషన్‌లో మూసుకుపోయిన నాళాన్ని దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. అందుకు కాలి సిరను వాడితే పదేళ్లలో అలాంటి దారుల్లో దాదాపు సగం పూడిపోతాయి. ఛాతీ గోడ లోపలి ధమనిని కలిపితే నూటికి తొంభై అప్పటికీ తెరుచుకునే ఉంటాయి. ఆ ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. నాళాన్ని సడలించేది, రక్తం గడ్డకట్టకుండా చూసేది అదే. ఈ తేడా ఆపరేషన్ బల్ల మీద కనిపించేది కాదు. రోగుల్ని ఏళ్ల తరబడి వెంటాడి చూసినవాళ్లకే తెలిసింది.

అలాంటి ఓపిక మన తెలుగునేల మీదా ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్లలో కొన్నిచోట్ల గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ అదనపు ఆహారం అందింది, మిగతాచోట్ల అందలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థవారు, బ్రిటన్ పరిశోధకులు కలిసి మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో ధమనుల బిగువు తక్కువగా కనిపించింది. తల్లి తిన్న ముద్ద బిడ్డ రక్తనాళం దాకా వెళ్లిందన్నమాట!

పుట్టపర్తిలో 1991 నుంచి వైద్యం పొందినవారి వివరాలూ అంత విలువైనవే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సర్కారు ఆసుపత్రులు తోడైతే, ఆపరేషన్ అయినవాళ్లకు ఏటా బీపీ, ఈసీజీ, ఎకో తీసి పాత కేస్‌షీటుకు జతచేయవచ్చు. మొదట రోగి ఒప్పుకోవాలి. ఫోన్ నంబరు మారిపోయినా ఇల్లు ఎక్కడో ఊళ్లో ఆశా కార్యకర్తకు తెలుసు.