సొంత తీగ, అద్దె సర్వరు

2020 నవంబరులో నాగల్‌గిద్ద తహసీల్దారు కార్యాలయం వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా అయింది. భూముల పోర్టల్ ధరణి రాకతో తెలంగాణలోని 570 తహసీల్దారు కార్యాలయాలకూ ఇదే పని పడింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు పుట్టిన మండలం నాగల్‌గిద్ద. నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంటుంది. రైతు వేలిముద్ర వేసేది ఇక్కడ, పట్టా వివరాలుండే సర్వరు రాజధానిలో. ఈ రెంటి మధ్య దారి ఎవరిది, అందులో ఎవరు నడవొచ్చు అన్నదే ప్రైవేట్ నెట్‌వర్క్ కథంతా. క్లౌడ్ కంపెనీల ప్రచారం చూస్తే ఇది నిన్నగాక మొన్న పుట్టిన విద్య అనిపిస్తుంది. మన ప్రాంతంలో దీనికి మూడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది.

మొదట్లో ప్రైవేట్ అంటే తీగ వేరుగా ఉండటమే. లేదా ఆకాశంలో దారి వేరుగా ఉండటం. 1980లలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో పెట్టుకున్నది తనకు మాత్రమే పనికొచ్చే ఉపగ్రహ లింకు. 1980ల చివరికి నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ (నిక్) జిల్లా కేంద్రాలను ఢిల్లీతో చిన్న ఉపగ్రహ యాంటెనాల ద్వారా కలిపింది. అదే నిక్‌నెట్. దాని వేగం ఈనాటి ఫోనులో ఒక ఫొటో పంపడానికి కూడా చాలదు. అయినా లెక్కలు కాగితం మీద కాకుండా కలెక్టరేట్ దాటి వెళ్లడం అప్పుడే మొదలైంది.

సికింద్రాబాద్ రైల్వే కథ దగ్గర కాస్త ఆగాలి. కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చిన కొత్తలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ దేనికది ఒంటరి దీవి. ఇక్కడ కౌంటరులో నిలబడి ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు పట్టుకోవడం కుదిరేది కాదు. ఈ దీవులను కలపడానికి రైల్వే వారి సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ కన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని 1994 సెప్టెంబరులో ముందుగా పెట్టింది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకే అల్లికలోకి వచ్చాయి. ఏ కేంద్రం సర్వర్లు ఆ కేంద్రానివే, మధ్యనున్న లైన్లు రైల్వే వాడకానికే. బయటివాడికి ప్రవేశం లేదు.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టాక ఆ కోటకు ఒక వాకిలి తెరిచారు. జనం ఇంటర్నెట్ వైపు నుంచి వస్తారు, బెర్తుల లెక్క మాత్రం లోపలి యంత్రాల్లోనే ఉంటుంది. మధ్యలో అడిగిన ప్రశ్నను పరీక్షించి లోపలికి పంపే పొర ఒకటి. సొంతదీ బయటిదీ కలిపే ఈ పద్ధతికి హైబ్రిడ్ అనే పేరు పెట్టి అమ్మేవాళ్లు రాకముందే రైల్వే ఆ పని చేసి చూపించింది. ఉదయం తత్కాల్ వేళ తెర బిగుసుకుపోయినప్పుడు తిట్టుకున్నవాళ్లమే మనమంతా. అయినా ఆ నిర్మాణం తప్పు కాదని నా అభిప్రాయం. వాకిలి ఇరుకు, అంతే.

హైదరాబాద్‌కు దక్కిన ఇంకో పెద్ద పాత్ర బ్యాంకుల నెట్‌వర్క్. రిజర్వు బ్యాంకు 1996లో మాసాబ్ ట్యాంక్‌లో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీని స్థాపించింది. ఆ సంస్థ 1999 జూన్‌లో ఇన్ఫినెట్‌ను ప్రారంభించింది. అది సభ్యులైన బ్యాంకులూ ఆర్థిక సంస్థలూ తప్ప మరొకరు అడుగుపెట్టలేని వీశాట్ (చిన్న ఉపగ్రహ యాంటెనాల) నెట్‌వర్క్. దాని మీదనే బ్యాంకుల మధ్య డబ్బు పంపే పద్ధతులు, 2004 మార్చిలో ఆర్టీజీఎస్, 2005 నవంబరులో నెఫ్ట్ నడక మొదలుపెట్టాయి. 2004లో వచ్చిన, ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను కూడా 2009 చివర చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి అప్పగించేదాకా ఐడీఆర్‌బీటీయే నడిపింది. అంటే ఒక బ్యాంకు కార్డు మరో బ్యాంకు ఏటీఎంలో పనిచేయడం వెనుక ఉన్నది ఇక్కడి శ్రమే.

వీశాట్‌కు ఒక సహజమైన కష్టం ఉంది. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పడుతుంది. మారుమూలకు చేరడానికి అది గొప్పదే. బ్యాంకులన్నీ కేంద్రీకృత సర్వర్ల వైపు మళ్లి, ప్రతి శాఖా ప్రతి క్షణం అటే చూడాల్సి వచ్చాక ఆ అర సెకనే బరువైంది. దాంతో నేల మీది లీజు లైన్లకు గిరాకీ పెరిగింది.

ఆ లీజు లైన్ల లోపల జరిగిన మార్పు కంటికి కనబడదు గానీ, ఈ చరిత్రలో అసలు మలుపు అదే. 1996లో ఇంటర్నెట్ ప్రమాణకర్తలు పదితో మొదలయ్యే చిరునామాలను, మరికొన్నిటిని ఎవరైనా లోపల వాడుకోవచ్చని విడిచిపెట్టారు. 1999లో రోజెన్, రెఖ్టర్ అనే ఇంజినీర్లు ఒకే ఫైబరు మీద వేర్వేరు సంస్థల సమాచారాన్ని లేబుళ్లతో విడదీసి పంపే పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత ప్రైవేట్ అంటే వేరే తీగ కాదు, వేరే లేబుల్. కేంద్రం 2005లో ఆమోదించిన రాష్ట్రాల వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకం రాజధాని, జిల్లా, మండలం అనే మెట్లమీదుగా కనీసం 2 ఎంబీపీఎస్ ఇవ్వాలనుకుంది. మన మండలాఫీసులకు ప్రభుత్వ నెట్‌వర్క్ దిగివచ్చిన దారి అదే. 2008లో నిక్ జాతీయ డేటా సెంటరును హైదరాబాద్‌లో పెట్టింది.

అద్దె సర్వర్ల (క్లౌడ్) కంపెనీలు కూడా ఆ లేబుళ్ల బాటే పట్టాయి. పాత పద్ధతి వీల్యాన్‌లో ఒక నెట్‌వర్క్‌ను 4,094 ముక్కలకు మించి చేయలేం. 2014లో ప్రమాణంగా ప్రచురితమైన వీఎక్స్‌ల్యాన్ దాన్ని కోటీ అరవై లక్షలు దాటించింది. అమెజాన్ 2009లో తన క్లౌడ్‌లో ప్రైవేట్ గది కట్టుకునే వీలిచ్చింది. 2011లో ఇంటర్నెట్‌ను తాకకుండా ఆ గదిలోకి నేరుగా లైను వేసుకోనిచ్చింది. దాంతో ముఖ్యమైన డేటాను సొంత సర్వరులో ఉంచుకుని, రద్దీ పనిని క్లౌడ్‌కు వదలడం తేలికైంది. 2022 నవంబరులో అమెజాన్ క్లౌడ్ రీజియన్ హైదరాబాద్‌కే వచ్చింది. 2023 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఆర్థిక రంగానికి ప్రత్యేక క్లౌడ్ పెడతామంది. ఇన్ఫినెట్ నడిచిన తోవలో చూస్తే అది ఊహించదగ్గ ప్రకటనే.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ప్రైవేట్ లైను అంటే రహస్య లైను కాదు. లేబుల్ వేరు చేస్తుంది గానీ తాళం వేయదు. క్లౌడ్‌లోకి వెళ్లే నేరు లైన్లలో కూడా గుప్తీకరణ దానంతటది రాదు, కోరి పెట్టుకోవాలి. లైను మీద లక్షలు పోసి తాళం మరిచే సంస్థ ఆ ఖర్చును దండుగ చేసుకున్నట్టే.

రెండో సంగతి నిర్వహణది. ధరణిని 2024 చివర ప్రైవేటు సంస్థ చేతి నుంచి నిక్‌కు మార్చారు, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, నడిపే చేతులు మారాయి. మండలాఫీసుకు వచ్చే దారి బాగోగులు మాత్రం ఎప్పటిలాగే వేరే లెక్క. 2011లో కేంద్రం ఆమోదించిన గ్రామాల ఫైబరు పథకం భారత్‌నెట్, మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట ఫైబరు లాగుదామన్న టీఫైబర్ ఆలోచన, రెండూ ఆ చివరి మెట్టును తలకెత్తుకున్నవే. గొట్టాల పక్కనే ఫైబరు వేస్తే తవ్వకం ఖర్చు కలిసొస్తుంది. అయితే పైపు మరమ్మతుకు దిగిన జేసీబీ రెంటినీ ఒకేసారి తెంపగలదు. అప్పుడు ఆఫీసు గుమ్మంలో సర్వర్ డౌన్ అని చెబుతారు. అక్కడ హైదరాబాద్‌లో సర్వరు నిక్షేపంగా ఉంటుంది.

డేటా సెంటర్లకు రెండు వైపుల నుంచి రెండు లైన్లు ఉండాలని ఏ ఇంజినీరైనా పట్టుబడతాడు. భూమి రిజిస్ట్రేషన్ జరిగే మండలాఫీసుకు కూడా అదే నియమం పెట్టాలి. నాగల్‌గిద్దలాంటి సరిహద్దు మండలాలకు రెండో లైను వేరే కందకంలో, వేరే దిక్కు నుంచి రావాలి. ప్రభుత్వం కొత్త పోర్టల్‌కు టెండరు పిలిచిన ప్రతిసారీ ఆ ఖర్చును అందులోనే చేర్చాలి.