గోల్ఫ్ కర్రల ఎంపిక

గోల్ఫ్ ఆటలో బంతిని కొట్టే సాధనాన్ని క్లబ్ లేదా గోల్ఫ్ కర్ర అంటారు. మైదానాన్ని నిర్వహించే సంఘాన్ని కూడా క్లబ్ అనే పిలుస్తారు కనుక ఈ వ్యాసంలో సాధనాన్ని కర్ర అని వ్యవహరించడమైనది. నియమాల ప్రకారం ఒక క్రీడాకారుడు ఒక రౌండులో 14 కర్రలకు మించి వెంట ఉంచుకొనరాదు. వీటిలో దూరపు దెబ్బకు వాడే డ్రైవరు, మధ్య దూరాలకు వాడే ఐరన్‌లు ముఖ్యమైనవి. తనకు సరిపడని కర్రతో నేర్చుకొనేవారు బంతిని పైకి లేపడానికి తమ ఊపునే మార్చుకొంటారు. ఆ అలవాటును తరువాత మానడం కష్టం. అందువలన కర్ర ఎంపికకు ధర గానీ పేరు గానీ కాక, ఆటగాని నైపుణ్యం, ఊపు వేగం ఆధారం కావాలి.

నైపుణ్యానికి కొలత

ఆటగాని స్థాయిని హ్యాండిక్యాప్ అనే సంఖ్యతో సూచిస్తారు. ఈ సంఖ్య తగ్గినకొద్దీ నైపుణ్యం ఎక్కువని అర్థం. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో దీని గరిష్ఠ పరిమితి 54.

డ్రైవరు

డ్రైవరు తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించరాదని 2004లో నియమం వచ్చింది. పెద్ద తలకు ఒక ప్రయోజనం ఉంది. బంతి తల మధ్యలో తగలకపోయినా దూరం, దిశ అంతగా చెడవు. కర్ర ముఖం వెనుకకు వాలిన కోణాన్ని లాఫ్ట్ అంటారు. కొత్తవారికి 10.5 నుండి 12 డిగ్రీలు, వేగంగా ఊపగల వృత్తి క్రీడాకారులకు 8 నుండి 10 డిగ్రీలు సాధారణం. లాఫ్ట్ తగ్గితే బంతి దూరం పోతుందన్నది అందరికీ వర్తించదు. ఊపు నెమ్మదిగా ఉన్నవారి బంతి తగినంత ఎత్తు లేవక త్వరగా నేలను తాకుతుంది. పైగా, లాఫ్ట్ తక్కువైనపుడు అదే చిన్న పొరపాటుకు బంతి మరింత పక్కకు వంగుతుంది.

ఐరన్‌లు

వెనుక భాగం గుంటగా ఉండి, బరువు అంచులకు పంచబడిన వాటిని క్యావిటీ బ్యాక్ ఐరన్‌లు అంటారు. పింగ్ సంస్థ స్థాపకుడు కార్స్టెన్ సోల్‌హైమ్ ఈ విధానానికి ప్రాచుర్యం కల్పించాడు. ఇవి పొరపాట్లను సహిస్తాయి కనుక కొత్తవారికి అనువైనవి. వెనుక భాగం నునుపుగా ఉండే బ్లేడ్ ఐరన్‌లు బంతిని కోరిన వైపు వంచగల నిపుణులకు తగినవి. 3, 4 సంఖ్యల ఐరన్‌లతో బంతిని లేపడం కష్టం కనుక వాటి స్థానంలో హైబ్రిడ్ కర్రలు వాడవచ్చు. సంఖ్య ఒకటే అయినా లాఫ్ట్ ఒకటే కానవసరం లేదు. పాత తరహా 7వ ఐరన్‌కు సుమారు 34 డిగ్రీల లాఫ్ట్ ఉండగా, దూరం కోసం చేసిన కొన్ని నేటి సెట్లలో అది 30 డిగ్రీల లోపే ఉంటుంది.

కాడ

షాఫ్టు అనే కాడను ఉక్కుతో గానీ తేలికైన గ్రాఫైటుతో గానీ చేస్తారు. డ్రైవరు తల వేగం గంటకు సుమారు 135 నుండి 155 కి.మీ. ఉన్నవారికి రెగ్యులర్, అంతకు మించినవారికి స్టిఫ్ రకం కాడలు సరిపోతాయి. నెమ్మదిగా ఊపేవారికి ఇంకా మెత్తనివి లభిస్తాయి. ఈ పేర్లకు తయారీదారులందరికీ ఉమ్మడి ప్రమాణం లేదు కనుక కొనేముందు కొట్టి చూడడం అవసరం.

నేల, ఎత్తు

ఆడే చోటు కూడా ఎంపికను ప్రభావితం చేస్తుంది. పుట్టపర్తి, అనంతపురం పరిసరాల వంటి వర్షాభావ ప్రాంతాలలో నేల గట్టిగా ఉంటుంది. గట్టి నేలపై వెడ్జ్ అనే పొట్టి ఐరన్ అడుగుభాగపు కోణం, అనగా బౌన్స్, తక్కువగా ఉండాలి. లేనిచో కర్ర నేలను తాకి ఎగిరి బంతి నడుమకు తగులుతుంది. మెత్తని నేలకు, ఇసుకకు ఎక్కువ బౌన్స్ మేలు. ఎత్తైన ప్రదేశాలలో గాలి పలచన కనుక బంతి కొంత ఎక్కువ దూరం పోతుంది. చెన్నైలో 200 మీటర్లు ఎగిరే బంతి, సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగుళూరులో దాదాపు 6 మీటర్లు అధికంగా ఎగురుతుంది.

తెలుగువారు - గోల్ఫ్

హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా వద్ద, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ వద్ద గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. తెలుగు మూలాలున్న అమెరికా క్రీడాకారుడు సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలుచుకొన్నాడు. ఇటువంటి క్రీడాకారుల కర్రలు వారి ఊపుకు కొలిచి అమర్చినవి. అవే కర్రలను కొనడం కంటే, అదే విధంగా తన ఊపును కొలిపించుకొని కర్రను ఎంచుకోవడం కొత్తవారికి ఉపయోగకరం.