ఏటి కావలి నుండి మాటల వైద్యము

మాట మానవునకు పుట్టుకతో వచ్చిన సొత్తని మనము తలంతుము. నిజమునకు అది విని నేర్చుకొనవలసిన విద్య. చెవికి అందని బిడ్డకును, నత్తి గలవానికిని, పక్షవాతమువలన పలుకు పోయిన పెద్దవారికిని మాట నేర్పు శాస్త్రమొకటి కలదు. ఆ శిక్షణ ఒకనాటితో ముగియునది కాదు. వారమునకు రెండు మూడు పర్యాయములు, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగవలెను. కనుకనే ఈ వైద్యమునకు దూరము పెద్ద శత్రువైనది. ఆ దూరమును దాటుటకు జరిగిన యత్నముల చరిత్రను, అది మన కోనసీమకు చెప్పు పాఠమును నేడు ముచ్చటింతము.

దూరమునకు మాటను పంపు విద్యకును చెవిటివారికిని మొదటినుండియు చుట్టరికము కలదు. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ చెవిటి పిల్లలకు మాట నేర్పు ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి తక్కువ. భార్యకు బొత్తిగా లేదు. 1876లో ఆయన తన పరికరమునకు పేటెంటు పొందెను. సరిగా నూరేండ్లకు, 1976లో, అమెరికాలోని బర్మింగ్‌హామ్ మాజీ సైనికుల ఆసుపత్రివారు టెలిఫోను ద్వారా మాటల చికిత్స నడపిన వృత్తాంతము ప్రకటితమైనది. 2005లో ఆ దేశపు వాక్ శ్రవణ నిపుణుల సంఘము ఈ పద్ధతిని అంగీకరించెను. అయితే దూరచికిత్స ముఖాముఖి చికిత్సకు నాణ్యములో తీసిపోరాదని నియమము పెట్టెను.

మన దేశమున 1965లో మైసూరునందు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది. 1983లో బొంబాయిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేర మరియొక జాతీయ సంస్థ ఏర్పడి, దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదున నెలకొన్నది. విద్య సమకూడినది గాని, విద్యావంతులలో పెక్కురు నగరములందే నిలిచిరి. అమలాపురమునుండి సికింద్రాబాదు నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. రాజోలు ప్రాంతపు లంకలోని తల్లికి ముందు పడవ, పిదప బస్సు, ఆపైని రైలు. కూలి మానుకొని వారము వారము ఆ ప్రయాణము చేయగల కుటుంబములెన్ని?

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైనప్పుడు దూరపు గొంతుక మన లోగిళ్ళలోనికి వచ్చినది. 1975-76లో ఉపగ్రహము ద్వారా టెలివిజన్ పాఠములు ఆంధ్ర గ్రామములకు కొన్నింటికి అందినవి. కాని ఈ రెండును ఏకముఖములు. మేము పలికినది శ్రోతలు విందురు; శ్రోతలు పలికినది మాకు వినరాదు. మాటల వైద్యునకు ముఖ్యముగా కావలసినది ఆ రెండవదే. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతిమీదుగా ప్రారంభమైన చిత్తూరు జిల్లా అరగొండ దూరవైద్య కేంద్రము ఆ రెండవ దారిని పల్లెకు తెరచినది. 2019 నవంబరులో ఈ-సంజీవని మన రాష్ట్రమున అడుగిడినది. మరుసటి యేడు కరోనా వలన చికిత్సాలయములు మూతపడగా, మాటల శిక్షకులలో పెక్కురు ఫోను తెరనే పాఠశాలగా చేసికొనిరి.

ఇందు పణముగా నున్నది స్వల్పము కాదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన పేద బిడ్డలకు సైతము కాక్లియర్ ఇంప్లాంటు అమర్చు వీలు కలిగినది. యంత్రము ధ్వనిని అందించును; ఆ ధ్వని ‘అమ్మ’ అను మాట యని బిడ్డకు తెలియజేయునది శిక్షణయే. తొలి యేండ్లలో అది నడుమ ఆగెనా, శస్త్రచికిత్స ఫలము చాలవరకు చేజారును.

తెరకును హద్దులు కలవు. ‘ప’, ‘మ’ పలుకునపుడు పెదవులు కనబడును. ‘ణ’, ‘ళ’ పలుకునపుడు నాలుక మడత లోపల జరుగును, తెరపై కనరాదు. అచ్చట శిక్షకునకు చేతులుగా తల్లి నిలువవలెను. శిక్షకునకు ఊరి పలుకుబడియు తెలిసియుండవలెను. కోనసీమ బిడ్డ ‘ఆయ్’ అన్నచో అది ‘అవునండీ’ అనుటయే గాని ఉచ్చారణ దోషము కాదు.

తీగను నమ్ముటలో అపాయమును కలదు. 1996 నవంబరు 6 నాటి తుపాను స్తంభములను కూల్చి కోనసీమను చీకటిలో ముంచినది. 2022 మే నెలలో అమలాపురపు అల్లర్ల పిదప ఇంటర్నెట్ పలు దినములు ఆగినది. ఆ జూలైలోనే వరదలు లంకలను ముంచినవి. పెద్దలకు అవి కొలది దినములు. మాట నేర్చు బిడ్డకు తప్పిపోయిన పాఠములు.

కావున తొలి పరీక్ష ముఖాముఖిగనే జరుగుట మేలని మా అభిప్రాయము. పిదప అమలాపురము, రాజోలు, కొత్తపేటలందు నిశ్శబ్దమైన గదియు, తెగని తీగయు, తల్లికి తోడుగా తర్ఫీదు పొందిన అంగన్‌వాడీ కార్యకర్తయు ఏర్పడినచో, వారము వారము పాఠము తెరపై సాగవచ్చును. తీగ తెగిన దినమున పాఠమును తల్లియే నడపగలుగునట్లు ఆమెకు ముందుగనే నేర్పవలెను.