వినోద రైడ్ల భద్రత, ఆపరేటర్ల పాత్ర

వినోద ఉద్యానవనాలలోను, తిరునాళ్ళలోను, ఎగ్జిబిషన్లలోను సందర్శకులు ఎక్కి తిరిగే యంత్రాలను వాడుకలో రైడ్లు అంటారు. రంగులరాట్నం, జెయింట్ వీల్, రోలర్ కోస్టర్, గో కార్ట్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. వీటిని నడిపే ఉద్యోగిని రైడ్ ఆపరేటర్ అంటారు. రైడ్ల భద్రత రూపకల్పన, నిర్వహణ, నడిపే విధానం అనే మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. మొదటి రెండూ ఇంజనీర్లు, మెకానిక్కుల పరిధిలోనివి. మూడవది ఆపరేటర్ చేతిలోనిది. ఇటీవలి పెద్ద ప్రమాదాలపై జరిగిన విచారణలను పరిశీలిస్తే రెండు లోపాలు ముఖ్యంగా కనిపిస్తాయి. యంత్రం ఇచ్చిన హెచ్చరికను మనుష్యులు తోసిపుచ్చడం ఒకటి. ఆపవలసిన మనిషికి తగిన శిక్షణ, అధికారం ఇవ్వకపోవడం రెండవది.

చరిత్ర

అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ ప్రారంభించిన స్విచ్‌బ్యాక్ రైల్వే ఆ దేశపు తొలి రోలర్ కోస్టర్లలో ప్రసిద్ధమైనది. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే కనుక ప్రత్యేక రక్షణ సాధనాల అవసరం అంతగా కలగలేదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జి ఫెర్రిస్ నిర్మించిన చక్రం ఎత్తు సుమారు 80 మీటర్లు. నేటి జెయింట్ వీల్‌కు ఇదే మూలరూపం.

వేగం పెరిగిన తరువాత రక్షణ ఏర్పాట్లలో ఎక్కువ కృషి చేసినవాడు జాన్ మిల్లర్. బండి పట్టా మీది నుంచి పైకి లేవకుండా, పట్టా క్రింది వైపున కూడా చక్రాలను అమర్చే పద్ధతికి ఈయన 1919లో పేటెంటు పొందాడు. గొలుసుతో పైకి లాగబడుతున్న బండి వెనక్కు జారకుండా పట్టుకొనే పళ్ళ ఏర్పాటును కూడా ఈయన అభివృద్ధి చేశాడు. రోలర్ కోస్టర్ ఎత్తుకు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం ఆ పళ్ళదే. చాలామందికి భయం కలిగించే ఆ చప్పుడు నిజానికి రక్షణ సాధనం పనిచేస్తున్నదని తెలిపే గుర్తు. 1972 మే 30న లండన్‌లోని బాటర్‌సీ పార్కులో బిగ్ డిప్పర్ అనే రైడ్‌లో ఒక బండి లాగే త్రాడు నుంచి విడిపోయింది. వెనక్కు జారకుండా ఆపవలసిన సాధనం పనిచేయలేదు. ఆ ప్రమాదంలో ఐదుగురు పిల్లలు మరణించారు.

బ్లాక్ పద్ధతి

ఒకే పట్టాపై రెండుమూడు బండ్లు నడిచే రోలర్ కోస్టర్లలో రైల్వేలలోని బ్లాక్ పద్ధతి వంటిదే ఉంటుంది. మార్గాన్ని కొన్ని భాగాలుగా విభజిస్తారు. ఒక భాగంలో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. ముందు భాగం ఖాళీ కాకపోతే వెనుక బండిని కంప్యూటరు తనంతట తానే బ్రేకుల వద్దనో, ఎక్కుడు వద్దనో నిలిపివేస్తుంది. స్టేషను మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వనిదే రైలు కదలనట్లుగా దీనిని అర్థం చేసుకోవచ్చు. అయితే మరమ్మతు సమయంలో అవసరం కనుక, ఈ నిలుపుదలను చేతితో తొలగించే సదుపాయం కూడా యంత్రంలో ఉంటుంది.

ఆపరేటర్ విధులు

ఉదయం సందర్శకులు రాకముందు రైడ్‌ను ఖాళీగా నడిపి చూడటం, తనిఖీ పుస్తకంలో సంతకం చేయటం మొదటి పని. తరువాత ప్రతి విడతలోను ప్రతి సీటు కడ్డీని, భుజాలపై నుంచి దిగే పట్టీని చేతితో లాగి చూడాలి. కంటితో చూస్తే చాలదు. వదులు చీరకొంగు, చున్నీ, జడ వంటి వాటిని కట్టుకొనేలా చేయాలి. ఇది చిన్న విషయం కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలో గో కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకొని ఒక యువతి మరణించింది. జెయింట్ వీల్ విషయంలో బరువు ఒకే వైపున పడకుండా ఎదురెదురు పెట్టెలలో మనుష్యులను కూర్చోబెట్టడం కూడా ఆపరేటర్ నేర్పే.

ఆపరేటర్‌తో సందర్శకులకు ఎక్కువగా వాదన వచ్చేది ఎత్తు కొలత దగ్గర. ఎత్తు నియమం పిల్లల ధైర్యానికి, వయసుకు సంబంధించినది కాదు. కడ్డీ లేదా పట్టీ శరీరాన్ని సరైన చోట పట్టి ఉంచగలదా అన్నదానికి అది కొలత. పొట్టిగా ఉన్న బిడ్డ కడ్డీ క్రింది నుంచి జారిపోవచ్చును. విహారయాత్రకు పిల్లలను తీసుకొని వెళ్ళే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు "రెండు సెంటీమీటర్లే కదా" అని ఒత్తిడి చేయడం సాధారణంగా జరుగుతూనే ఉంటుంది. అక్కడ నిలబడి కాదనవలసినవాడు తరచుగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ తాత్కాలిక ఉద్యోగి.

స్మైలర్ ప్రమాదం (2015)

ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ పార్కులో 2013లో ప్రారంభమైన స్మైలర్ రోలర్ కోస్టర్ బండిని 14 సార్లు తలక్రిందులు చేస్తుంది. 2015 జూన్ 2న రద్దీ కారణంగా అదనంగా ఒక బండిని పట్టాపైకి చేర్చారు. పరీక్ష కోసం పంపిన ఖాళీ బండి ఒకటి మార్గమధ్యంలో నిలిచిపోయింది. దాని వెనుక 16 మందితో వెళ్ళిన బండిని కంప్యూటరు నియమం ప్రకారం ఆపివేసింది. అంటే యంత్రం తన పని తాను సరిగానే చేసింది. కాని నిలిచిన ఖాళీ బండి సిబ్బంది కంటపడలేదు. హెచ్చరిక పొరపాటున వచ్చినదని భావించి వారు నిలుపుదలను తొలగించి బండిని ముందుకు పంపారు. బండి వెళ్ళి ఖాళీ బండిని ఢీకొన్నది. 16 మంది గాయపడ్డారు. వారిలో ఇద్దరు యువతులు ఒక్కొక్క కాలును కోల్పోయారు. అత్యవసర సేవలకు ఫోను చేయడానికే 17 నిమిషాలు ఆలస్యమైంది.

బ్రిటన్ ఆరోగ్య, భద్రతా కార్యాలయం విచారణలో రైడ్‌లో యాంత్రిక లోపమేదీ బయటపడలేదు. అయితే ఆ కార్యాలయం నేరాన్ని ఆనాటి ఉద్యోగులపైకి నెట్టలేదు. అటువంటి పరిస్థితిలో ఏమి చేయాలో నిర్దిష్టమైన పద్ధతిని ఏర్పరచని సంస్థదే తప్పని వాదించింది. సంస్థ తప్పు ఒప్పుకొన్నది. 2016 సెప్టెంబరులో స్టాఫర్డ్ న్యాయస్థానం యాజమాన్య సంస్థ మెర్లిన్‌కు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

డ్రీమ్‌వరల్డ్ ప్రమాదం (2016)

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో డ్రీమ్‌వరల్డ్ పార్కులోని థండర్ రివర్ రాపిడ్స్ 1986 నుంచి నడిచిన నీటి రైడ్. గుండ్రని తెప్పలు కృత్రిమ ప్రవాహంలో సాగి, చివర కన్వేయర్ పైకి ఎక్కి దిగే చోటుకు చేరుతాయి. 2016 అక్టోబరు 25న నీటిని తోడే పంపు ఆగిపోయింది. అదే పంపు ఆ రోజు అంతకు ముందే రెండుసార్లు ఆగింది. నీరు తగ్గగానే ఒక తెప్ప కన్వేయర్ దగ్గరి పట్టీలపై చిక్కుకొన్నది. కన్వేయర్ మాత్రం ఆగలేదు. వెనుక నుంచి మరొక తెప్ప వచ్చి దానిని ఢీకొనడంతో నలుగురు మరణించారు.

నీటి మట్టాన్ని తెలిపే స్వయంచాలక సాధనం ఈ రైడ్‌కు లేదు. గోడ మీద నీరు ఆనిన మరక చూసి ఉద్యోగులు మట్టాన్ని అంచనా వేసేవారు. దిగే చోట నిలబడిన ఉద్యోగినికి ఆ రైడ్‌పై అదే మొదటి రోజు. ఆ ఉదయమే కొద్దిసేపు శిక్షణ ఇచ్చారు. కన్వేయర్‌ను రెండు సెకన్లలో ఆపగల అత్యవసర బొత్తాం ఆమెకు దగ్గరలోనే ఉన్నది, కాని దాని గురించి పట్టించుకోనవసరం లేదన్నట్లుగా ఆమెకు చెప్పబడింది. ప్రధాన ఆపరేటర్ వద్ద నున్న మీటతో కన్వేయర్ ఆగడానికి అంతకంటె ఎక్కువ సమయం పట్టేది. ప్రధాన ఆపరేటర్ ఒక్కడే కొద్ది క్షణాల వ్యవధిలో అనేక సంకేతాలను గమనించవలసి వచ్చేదని కూడా విచారణలో తేలింది. 2020 ఫిబ్రవరిలో వెలువడిన మరణ విచారణాధికారి నివేదిక పార్కు భద్రతా వ్యవస్థను తీవ్రంగా విమర్శించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో యాజమాన్య సంస్థ ఆర్డెంట్ లీజర్‌కు 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. ఆ రైడ్‌ను శాశ్వతంగా తొలగించారు.

2022 మార్చి 24న అమెరికాలోని ఓర్లాండోలో ఎత్తు నుంచి క్రిందికి పడే రైడ్‌లో 14 ఏళ్ళ బాలుడు సీటు నుంచి జారి మరణించిన ఘటన మరొక కోణాన్ని చూపింది. ఆ సీటు పట్టీ మామూలు కంటె ఎక్కువ తెరచుకొన్నా సరిపోయినట్లే చూపేలా సెన్సారును ముందే చేతితో సర్దినట్లు దర్యాప్తులో తెలిసింది. సెన్సారునే మార్చినప్పుడు భద్రత సూచించే దీపాన్ని చూసి ఆపరేటర్ తెలుసుకోగలిగేది ఏమీ ఉండదు.

ప్రమాణాలు, చట్టాలు

అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం సంస్థ 1978లో రైడ్ల కోసం ఎఫ్24 అనే సంఘాన్ని ఏర్పరచింది. అంతర్జాతీయ స్థాయిలో ఐఎస్‌ఓ 17842 ప్రమాణం 2015లో వెలువడింది. డ్రీమ్‌వరల్డ్ ఘటన తరువాత 2019లో క్వీన్స్‌లాండ్ తన నియమాలను సవరించి, పెద్ద రైడ్లకు పదేళ్ళకొకసారి సంపూర్ణ తనిఖీని, ఆపరేటర్లకు తగిన శిక్షణను, దానికి సంబంధించిన రికార్డులను తప్పనిసరి చేసింది.

భారతదేశంలో ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉన్నది. శాశ్వత పార్కుల కంటె ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ల రైడ్ల విషయంలో దీని అవసరం ఎక్కువ. ఇవి ప్రతి ఊరిలో విప్పి మళ్ళీ బిగించేవి కావడం వలన, ప్రతి బిగింపులోను ఒక నట్టు వదులుగా ఉండిపోయే అవకాశం ఉంటుంది. 2019 మే నెలలో అనంతపురంలో ఎగ్జిబిషన్ జెయింట్ వీల్ పెట్టె ఊడిపడి ఒక బాలిక మరణించింది. అదే సంవత్సరం జూలై 14న అహ్మదాబాదులోని కాంకరియా చెరువు వద్ద ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు, పలువురు గాయపడ్డారు. తిరునాళ్ళలో బిగించేవాడు, నడిపేవాడు, టికెట్టు చించేవాడు చాలాసార్లు ఒకే మనిషి. ఉదయం తనిఖీకి, రాత్రి రద్దీకి మధ్య అతనికి విశ్రాంతి కూడా అరుదు.