మెడికల్ మాటల్లో మన వాటా

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, ఎంఎల్‌టీ చదివేవాళ్లు, నర్సింగ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు చివరిదాకా చదవండి.

మన పిల్లల పరిస్థితి మనకు తెలిసిందే. ఇంట్లో కోయ, గోండి, సవర, కువి, లంబాడి. బడికి వెళ్తే తెలుగు. ఇంటర్‌కొచ్చేసరికి ఇంగ్లీషు. దాని మీద హెపటైటిస్, నెఫ్రైటిస్, ఎన్‌సెఫలైటిస్ లాంటి మాటలు వచ్చి పడతాయి. మొదటి నెలలోనే చాలామందికి "ఇది మనకి రాదులే, ఇది పెద్దోళ్ల చదువు" అనిపిస్తుంది. కొంతమంది అక్కడే గ్రూపు మార్చేసుకుంటారు. తెలివి తక్కువై కాదు, ఆ మాటలు చూసి భయపడి. అందుకే ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు పెట్టారో, వాటిలో మనలాంటి వాళ్ల వాటా ఎంతో ఒకసారి చూద్దాం. చరిత్ర తెలిస్తే సగం భయం పోతుంది.

ముందుగా ఒక సంగతి. ఈ మాటలు ఇంగ్లీషువాళ్లవి కావు. ఇప్పటికి దాదాపు 2,400 ఏళ్ల కింద గ్రీకు దేశంలో, కోస్ అనే దీవిలో పుట్టిన హిపోక్రటీస్, ఆయన దారిలో నడిచిన వైద్యులు తమ ఇంటి భాషలోనే రోగాల గురించి రాసుకున్నారు. తర్వాత రోమ్ రాజ్యం వచ్చింది. పాలించింది రోమన్లే, కానీ వైద్యం రాసింది ఎక్కువగా గ్రీకులో. ఆ తర్వాత వందల ఏళ్లు వైద్యాన్ని నిలబెట్టి పెంచింది అరబ్బీ, పారశీక పండితులు. ఇబ్న్ సీనా రాసిన 'అల్ ఖానూన్' 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మారి, యూరప్ యూనివర్సిటీల్లో వందల ఏళ్లు పాఠ్యపుస్తకంగా నడిచింది. మన పీహెచ్‌సీలో ఇంజెక్షన్ ముందు దూదితో తుడిచే ఆల్కహాల్ ఉంది కదా, అది అరబ్బీ మాట. 'అల్ కుహ్ల్' అంటే కంటికి పెట్టుకునే సుర్మా పొడి! 1543లో వెసాలియస్ మనిషి శరీరాన్ని కోసి చూసి వేసిన గొప్ప పుస్తకం కూడా లాటిన్‌లోనే ఉంది. ఇంగ్లీషు ఈ బండి ఎక్కింది చివర్లో. కాబట్టి లండన్‌లో పుట్టిన పిల్లాడికైనా హెపటైటిస్ అనే మాట తల్లిపాలతో రాదు, వాడూ కూర్చొని నేర్చుకోవాల్సిందే.

ఎట్లా నేర్చుకుంటారు? అమెరికా హైస్కూళ్లలో హెల్త్ సైన్స్ క్లాసు అని ఉంటుంది. అక్కడ మాటల్ని బట్టీ పట్టించరు, ముక్కలు చేసి నేర్పుతారు. ముందు ముక్క, నడుమ వేరు, వెనక తోక. ఎన్‌సెఫలైటిస్ తీసుకోండి. 'ఎన్‌సెఫల్' అంటే మెదడు. 'ఐటిస్' అంటే వాపు. మన పేపర్లలో ఏం రాస్తారు? మెదడువాపు. అంతే! ఆ గ్రీకు మాటలో ఉన్నది ఇదే. 'హెపట్' కాలేయం, 'నెఫ్ర్' మూత్రపిండం, 'గ్యాస్ట్ర్' పొట్ట, 'ఆర్థ్ర్' కీలు, 'డెర్మట్' చర్మం. వీటి వెనక 'ఐటిస్' తగిలిస్తే ఐదు జబ్బుల పేర్లు వచ్చేశాయి. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. 'ఆల్జియా' అంటే నొప్పి. 'ఈమియా' అంటే రక్తానికి సంబంధించింది. దాని ముందు లేదు అనే అర్థం ఇచ్చే 'ఆన్' పెడితే అనీమియా, అంటే రక్తం లేకపోవడం. ఇట్లా ఒక యాభై ముక్కలు వస్తే కొన్ని వందల మాటలు వాటంతటవే విడిపోతాయి. రెండు మూడు భాషల మధ్య పెరిగిన మనకి ఇది కొత్త పని కాదు. అంగట్లో ఒక భాష, ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష రోజూ మారుస్తూనే ఉన్నాం కదా.

ఇంకో సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. శరీర భాగాలకు పాతకాలం వాళ్లు పెట్టిన పేర్లలో చాలా వరకు ఇల్లు, పొలం, పశువు, పక్షి చుట్టూ ఉన్నవే. మస్కులస్, అంటే మన మజిల్, లాటిన్‌లో చిన్న ఎలుక. చెయ్యి ముడిస్తే కండ ఎలుకలా కదులుతుంది చూడండి. మెడ కింద ఎముక క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. మోకాలి చిప్ప పటెల్లా అంటే చిన్న పళ్లెం. లోపలి చెవిలో ఉండే కోక్లియా అంటే నత్త. వెన్నెముక చివర ఉండే కాక్సిక్స్ అంటే కోకిల, దాని ముక్కులా వంగి ఉంటుందని. క్యాన్సర్ అంటే ఎండ్రకాయ. అంటే ఈ పేర్లు పెట్టినవాళ్లు కూడా చెట్టుని, పురుగుని, వంటింటి సామానుని చూసే పెట్టారు. మన తాతలు ఆకుని, వేరుని చూసి పేర్లు పెట్టిన పద్ధతీ అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ డిక్షనరీలో మూలవాసుల మాటలు కూడా ఉన్నాయి.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలున్నాయి. అక్కడి మూలవాసుల భాష కెచువా. ఆ భాషలో 'కినా' అంటే చెట్టు బెరడు. 17వ శతాబ్దంలో స్పెయిన్ పాదిరీలు ఒక చెట్టు బెరడుని చలిజ్వరానికి మందుగా యూరప్‌కి చేర్చారు. ఆ చెట్టుకి 1742లో లినేయస్ అనే శాస్త్రవేత్త సింకోనా అని ఒక స్పెయిన్ దొరసాని పేరు పెట్టాడు. ఆమెకి ఆ బెరడుతోనే జ్వరం తగ్గిందనే కథ నిజం కాదని తర్వాత తేలింది. 1820లో పారిస్‌లో పెల్టియే, కవాంటూ అనే ఇద్దరు ఆ బెరడులోంచి మందుని విడదీశారు. దానికి మాత్రం పాత కొండమాట మీదే పేరొచ్చింది, క్వినైన్. చెట్టు దొరసాని పేరు మోసింది, మందు కొండవాళ్ల మాట మోసింది. 1860 తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఆ మొక్కల్ని తెచ్చి మన నీలగిరి కొండల్లో పెంచారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అంతవరకు మలేరియా అనే మాటకి అర్థమే 'చెడుగాలి'. ఇటాలియన్ మాట అది. కారణం తెలియక ముందు పెట్టిన పేరు, కారణం తెలిశాక కూడా అట్లాగే ఉండిపోయింది.

ఆ క్వినైన్‌కి మన మన్యానికి ఒక బంధం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు వాడుక భాష ఉద్యమంలో అందరూ చదువుతారు. ఆయన పర్లాకిమిడి దగ్గర సవరల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకొని, సవర పిల్లలకి సవరలోనే పాఠాలు ఉండాలని పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టారు. 1931లో సవర భాష మాన్యువల్, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆ కొండల్లో తిరిగే రోజుల్లో ఆయనకి మలేరియా వచ్చింది. క్వినైన్ వాడితే జ్వరం తగ్గింది గానీ వినికిడి దెబ్బతింది. ఆ మందు ఎక్కువైతే చెవుల్లో హోరు, చెవుడు వస్తాయి. డాక్టర్లు దాన్ని సింకోనిజం అంటారు. ఒక కొండభాషని చెవులతో విని రాసిన మనిషి, ఇంకో కొండభాష పేరున్న మందుతో చెవులు పోగొట్టుకున్నారు. సవర పిల్లలు సైన్సు చదివేటప్పుడు ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండో ఉదాహరణ. ఆండీస్ కొండల్లోనే 'కుకా' అనే మొక్క ఉంది, మనం కోకా అంటాం. దాని ఆకునుంచి తీసిన మందుకి కొకెయిన్ అని పేరు పెట్టారు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ దాన్ని కంట్లో వేసి నొప్పి లేకుండా ఆపరేషన్ చేయొచ్చని చూపించాడు. అప్పటినుంచి స్థానికంగా మొద్దుబార్చే మందులకి 'కెయిన్' అనే తోక తగిలించడం మొదలైంది. ప్రొకెయిన్, లిగ్నోకెయిన్, బుపివకెయిన్. కాలికి గొడ్డలి తగిలితే కుట్లు వేసేముందు ఇచ్చే ఇంజెక్షన్ లిగ్నోకెయిన్. కొకెయిన్ మత్తుమందుగా మారి చట్టం కిందకి వెళ్లింది, దాని తోక మాత్రం ప్రతి ఆసుపత్రిలో ఉంది. ఇంకొకటి క్యురారే. దక్షిణ అమెరికా అడవుల్లో బాణం కొనకి పూసే విషం పేరు. వేటజంతువు కండరాలు చచ్చుబడిపోతాయి. 1942లో కెనడాలో మాంట్రియల్ డాక్టర్లు దాన్ని మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి వాడారు. ఈరోజు ఆపరేషన్ థియేటర్‌లో వాడే అట్రాక్యూరియం పేరులో 'క్యూర్' అన్న ముక్క ఆ బాణం విషానిదే.

మరి మన దేశపు మొక్కల సంగతేంటి? సర్పగంధ వేరుని మన వాళ్లు ఎన్నో తరాలుగా వాడారు. 1952లో దానిలోంచి రిసర్పిన్ అనే బీపీ మందుని విడదీశారు. మొక్క జాతి పేరు రావుల్ఫియా, 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రావుల్ఫ్ పేరు. రిసర్పిన్ కూడా లాటిన్ మాట మీదే వచ్చింది. ఆ వేరుకి మన కొండల్లో ఉన్న పేరేదీ మందుల పుస్తకంలోకి ఎక్కలేదు. ఎవరు రాస్తే వాళ్ల మాట నిలుస్తుంది. రాయనివాళ్ల జ్ఞానం మిగిలినా పేరు పోతుంది.

"ఇంగ్లీషు రాకపోతే వైద్యం రాదు" అనే మాట కూడా చరిత్రలో నిలబడదు. 1846లో హైదరాబాద్‌లో మొదలైన మెడికల్ స్కూల్‌లో పాఠాలు ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషుకి మారింది 1880ల్లో. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎంబీబీఎస్ పుస్తకాలు హిందీలో తెచ్చింది. అందులో సాంకేతిక పదాలు చాలావరకు అవే ఉన్నాయి, లిపి మారింది, వివరణ భాష మారింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టి గోండి వాచకాలు తయారుచేశారు. అంటే మాటని నేర్చుకోవడం ఒక పని, దాన్ని మన భాషలో విప్పి చెప్పుకోవడం ఇంకో పని. రెండూ జరిగే పనులే.

ఇది ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి సికిల్ సెల్ చాలు. 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టర్, గ్రెనడా దీవి నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాల్ని చూసి రాశాడు. 1922లో దానికి సికిల్ సెల్ అనీమియా అనే పేరు వచ్చింది. సికిల్ అంటే కొడవలి. కానీ పశ్చిమ ఆఫ్రికా తెగలకి ఈ జబ్బు అంతకు చాలా ముందే తెలుసు. ఘానాకి చెందిన డాక్టర్ కొనోటే అహులు ఆ పేర్లని ప్రపంచానికి చెప్పాడు. గా భాషలో 'చ్వెచ్వీచ్వె' అంటారు, ఆగకుండా పీకే నొప్పిని ఆ శబ్దమే చెప్తుంది. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని మొదట గుర్తించారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌లో జాతీయ మిషన్ మొదలైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలనేది లక్ష్యం.

పరీక్ష చేస్తారు, కార్డు ఇస్తారు. దాని మీద ట్రెయిట్ అని ఉంటే ఒక అర్థం, డిసీజ్ అని ఉంటే ఇంకో అర్థం. ట్రెయిట్ అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చింది. ఆ మనిషి మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాడు. డిసీజ్ అంటే ఇద్దరి నుంచీ వచ్చింది, జబ్బు ఉంది. భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇప్పుడు తెలుగులో ట్రెయిట్‌ని 'లక్షణం' అని రాస్తారు. రోగ లక్షణాన్నీ 'లక్షణం' అనే అంటారు. "మీ అమ్మాయికి సికిల్ సెల్ లక్షణం ఉంది" అంటే గూడెంలో ఏమని అర్థం చేసుకుంటారు? పిల్లకి రోగం ఉందని. సంబంధం తప్పిపోతుంది, పిల్ల జీవితాంతం ఆ ముద్ర మోస్తుంది. అటువైపు నిజంగా జబ్బు ఉన్న పిల్లాడిని "ఏదో లక్షణమేలే" అని వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఒక్క మాట తేడా ఇంత పని చేస్తుంది. కార్డు ఇచ్చే సిస్టర్‌కి మన భాష రాదు, మన అవ్వకి ఆ కార్డు భాష రాదు. మధ్యలో నిలబడి చెప్పాల్సింది ఈ పోస్టు చదువుతున్న మీరే.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేద్దాం. నోటుబుక్కులో మూడు గీతలు కొట్టి నాలుగు గళ్లు చేయండి. మొదటి గడిలో మెడికల్ మాట. రెండో దాంట్లో దాని ముక్కలు. మూడో దాంట్లో తెలుగు. నాలుగో దాంట్లో మీ ఇంటి భాషలో ఏమంటారో. నాలుగో గడి కోసం అమ్మనీ, నాన్ననీ, ఊళ్లో మందు ఇచ్చే పెద్దాయన్నీ అడగండి. సరైన మాట లేకపోతే ఒక వాక్యంలో రాయండి, పర్వాలేదు. వారానికి పది మాటలు చాలు. సికిల్ సెల్, అనీమియా, మలేరియా, టీబీ, బీపీ, కాన్పు మాటలతో మొదలుపెట్టండి. కింద కామెంట్లలో ఏ భాషో, ఏ మండలమో రాసి పెడితే అందరివీ ఒక్కచోట చేర్చి ఆశా అక్కలకి ఇద్దాం.

జోహార్. జై ఆదివాసీ.